కోటి రూపాయల కారు 27 లక్షలకే వస్తుంటే

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అన్నదమ్ములం కలిసి రైసు మిల్లు నడుపుతున్నాం. చాలాకాలంగా స్విఫ్ట్ డిజైర్ వాడుతున్నాను. నాన్నగారికి 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పి. ఆయనను నెలకు రెండుసార్లు హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వచ్చే ఏడాది అమ్మాయి పెళ్లి కూడా ఉంది. హైదరాబాద్‌లో పాత కార్లు అమ్మిపెట్టే ఒక కన్సల్టెన్సీ వాళ్లు 2016 మోడల్ మెర్సిడెస్ ఎస్350డి చూపించారు. డీజిల్, ఢిల్లీ నంబరు, మీటరు మీద 48 వేల కిలోమీటర్లు. ఎయిర్ సస్పెన్షన్, చల్లగాలి వచ్చే సీట్లు, పనోరమిక్ సన్‌రూఫ్, మెల్లగా తోస్తే వాటంతట అవే మూసుకునే తలుపులు, బర్మెస్టర్ మ్యూజిక్ సిస్టమ్, అన్నీ ఉన్నాయి. 27 లక్షలు చెబుతున్నారు. నా దగ్గర మొత్తం 32 లక్షలున్నాయి. లక్ష రూపాయలు టోకెన్ ఇస్తే బండి ఎవరికీ చూపించమంటున్నారు. తీసుకోమంటారా? ఢిల్లీ నంబరుతో ఇబ్బంది ఉంటుందా? మా ఊళ్లో మెకానిక్‌లు చూసుకోగలరా?
— పేరు రాయవద్దని కోరిన పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం:

టోకెన్ ఇవ్వకండి. మీ ఉత్తరంలో సౌకర్యాల జాబితా ఉంది గానీ సర్వీసు రికార్డు గురించి ఒక్క మాట లేదు. ఆ కారును ఎవరు వాడారు, ఎక్కడ సర్వీసు చేయించారు, ఎన్ని చేతులు మారింది, బీమా కింద ఏమేమి మార్పించారు అన్న సంగతులేవీ మీకు చెప్పినట్టు లేదు. పదేళ్ల వయసున్న లగ్జరీ కారు విలువంతా ఆ రికార్డులోనే ఉంటుంది. అది చూడకముందే లక్ష రూపాయలు చేయి దాటితే, ఆ తర్వాత మన కళ్లు కూడా కారు పక్షమే వహిస్తాయి. లోపం కనబడినా ఏదో ఒకటి చెప్పి మనకు మనమే సర్దిచెప్పుకుంటాం.

ఆ కారు కొత్తగా ఉన్నప్పుడు షోరూమ్ ధరే కోటి రూపాయల పైమాట. పదేళ్లలో దాని ధర పావు వంతుకు దిగింది. కానీ దాని విడిభాగాల ధర అలా దిగలేదు. హెడ్‌లైట్ పగిలినా, గాలి స్ప్రింగు చిరిగినా, గేర్‌బాక్సు ఆయిల్ మార్చినా మీకు వచ్చేది కోటి రూపాయల కారు బిల్లే. మొదటి యజమాని ఆ బిల్లులను తట్టుకునే స్తోమత ఉండి కొన్నారు. వారంటీ ఉన్నంతకాలం కొన్ని ఖర్చులు కంపెనీయే భరించింది. వారంటీ అయిపోయి, పెద్ద ఖర్చులు తలుపు తట్టే వేళకు కారు చేతులు మారుతుంది. అమ్మేవాళ్లంతా మోసగాళ్లని నేను అనను. కానీ ఈ తరగతి కార్లు ఎక్కువగా ఏ దశలో అమ్మకానికి వస్తాయో మీరు గుర్తుంచుకోవాలి.

ధర విషయంలో మరో సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతానికి మారింది. అంతకు ముందు సెస్‌తో కలిపి 45 నుంచి 50 శాతం దాకా పడేది. కొత్త కార్ల ధర తగ్గితే పాత కార్ల ధర కూడా దానితో పాటే జారుతుంది. అందుకే ‘కొత్తప్పుడు కోటి పైన పెట్టి కొన్నారు సార్’ అనే మాటకు బేరంలో విలువ ఇవ్వనక్కర్లేదు.

ఇక మీరు రాసిన సౌకర్యాల్లో అన్నిటికంటే ముందు చూసుకోవలసింది ఎయిర్ సస్పెన్షన్. దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే మీ నాన్నగారి నడుముకు సుఖమిచ్చేదీ అదే, మీ జేబుకు చిల్లు పెట్టగలిగేదీ అదే. ఈ కారుకు ఉక్కు స్ప్రింగుల బదులు నాలుగు చక్రాల దగ్గరా రబ్బరు గాలితిత్తులు ఉంటాయి. ఒక కంప్రెసర్ వాటికి గాలి అందిస్తుంది. ఏ మూలకు ఎంత గాలి పోవాలో వాల్వులు చూసుకుంటాయి. వయసు మీదపడిన రబ్బరు మడతల దగ్గర సన్నగా పగుళ్లిస్తుంది. మన నల్లగొండ ఎండలు 44, 45 డిగ్రీలకు పోతాయి. ఆ వేడిలో ఎండబెట్టిన కారుకు ఇది ఇంకా తొందరగా వస్తుంది. మొదట్లో గాలి చాలా నెమ్మదిగా కారుతుంది, బండి నడుస్తున్నప్పుడు తెలియనే తెలియదు. తగ్గిన గాలిని నింపడానికి కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి తిరిగి చివరికి అదీ కాలిపోతుంది. ఒక తిత్తితో పోవలసిన ఖర్చు కంప్రెసర్ దాకా పాకుతుంది.

దీన్ని కనిపెట్టడానికి టేపు ఒక్కటి చాలు. సాయంత్రం చదునైన నేల మీద కారును నిలిపించండి. చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు దాకా ఎంత ఎత్తుందో నాలుగు చక్రాల దగ్గరా కొలిచి కాగితం మీద రాసుకోండి. కారును తాళం వేయించి కదలకుండా ఉంచమనండి. మర్నాడు ఉదయం తలుపు తీయకముందే మళ్లీ కొలవండి. తలుపు తీస్తే కారు మేల్కొని తన ఎత్తును సరిచేసుకోవచ్చు, అప్పుడు మీ కొలత పనికిరాదు. నాలుగు మూలలా సమానంగా కొద్దిగా దిగితే భయపడనక్కర్లేదు. ఒక మూల మాత్రం వేలెడు దిగి ఉంటే గాలి కారుతున్నట్టే. ఆ తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయించి, కారును పైకి లేపే బటన్ నొక్కించండి. తడబడకుండా, నాలుగు వైపులా ఒకేలా లేవాలి. ఒక రాత్రి ఇలా పరీక్షించుకుంటామంటే ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఈ కారు కొనవద్దు.

మిగతా సౌకర్యాల సంగతి త్వరగా చెప్పేస్తాను. సన్‌రూఫ్ చుట్టూ వాననీరు పోవడానికి సన్నని గొట్టాలుంటాయి. అవి ఆకులతో, దుమ్ముతో పూడుకుపోతే నీళ్లు లోపలికి దిగి కార్పెట్ కింద ఉన్న వైర్లను, కంట్రోల్ యూనిట్లను పాడుచేస్తాయి. పైకప్పు గుడ్డ మీద, ముందు అద్దానికి రెండు వైపులా ఉన్న స్తంభాల పక్కన నీటి మరక ఉందేమో చూడండి. నాలుగు తలుపులూ ఒక్కొక్కటిగా మెల్లగా తోసి చూడండి, ఏ ఒక్కటి బిగుసుకోకపోయినా దాని మోటారు పోయినట్టే. సీట్ల చల్లగాలి నాలుగు చోట్లా వస్తోందో లేదో ఎండలో నిలబెట్టి చూడాలి. ఆ తరం తెరలో మీ ఫోనును కారు తెరకు కలిపే కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో పనిచేస్తాయో లేదో కూడా చూసుకోండి. బర్మెస్టర్ స్పీకర్లలో పాట ఎలాగూ బాగుంటుంది, దాన్ని చూసి మురిసి ధర పెంచకండి. రెండు తాళాలూ ఇవ్వమనండి. ఈ కార్లకు మరో తాళం చేయించుకోవడం అంటే కంపెనీకి ఆర్డరు పెట్టాలి, అది ఖరీదైన వ్యవహారం.

ఇంజిన్ విషయం. ఇది మూడు లీటర్ల వి6 డీజిల్. మంచి బలమైన ఇంజిన్, సరిగ్గా చూసుకుంటే లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. దానికి తెలిసిన జబ్బు ఒకటి ఉంది. రెండు వరుసల సిలిండర్ల నడుమ లోయలాంటి చోట ఆయిల్ కూలర్ ఉంటుంది. దాని సీళ్లు వయసుతో గట్టిపడి ఆయిల్ కారుస్తాయి. సీలు ఖరీదు తక్కువే, కానీ దాని దగ్గరకు చేరాలంటే పైనున్న టర్బో, గొట్టాలు అన్నీ విప్పాలి. కూలి ఖర్చే అసలు ఖర్చు. కారును లిఫ్టు మీద ఎక్కించి అడుగు రేకు విప్పిస్తే ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఆయిల్ తడి కనబడుతుంది. రేకు విప్పకుండా కింద నుంచి టార్చిలైటు వేసి చూపించి ‘పొడిగా ఉంది’ అంటే ఒప్పుకోవద్దు. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడెక్కి ఉంటే ముందు చల్లారనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే ఇంజిన్ లోపలి గొలుసు చప్పుడు, పొగ, వణుకు బయటపడతాయి.

ఈ డీజిల్ కార్ల సైలెన్సర్ వరుసలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. హైవే మీద కొంతసేపు వేగంగా పోతే ఆ మసి తనంతట తాను కాలిపోతుంది. ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిప్పితే పేరుకుపోతుంది. మీ నాన్నగారిని హైదరాబాద్ తీసుకెళ్లే ప్రయాణాలు దానికి మంచివి. మిల్లుకూ ఇంటికీ మధ్య రోజూ ఆ కారులోనే తిరిగితే మాత్రం ఆ ఫిల్టరు మీకు పెద్ద ఖర్చు తెచ్చిపెడుతుంది. ఏ డీజిల్ లగ్జరీ కారు కొన్నా మీ డిజైర్‌ను అమ్మకండి, ఊళ్లో తిరగడానికి అదే ఉంచుకోండి.

పదేళ్లలో 48 వేల కిలోమీటర్లంటే నెలకు 400. వ్యాపారస్తుల ఇంట్లో నాలుగైదు కార్లలో ఒకటైతే అది సాధ్యమే. మీటరు వెనక్కి తిప్పితే కూడా సాధ్యమే. చాసిస్ నంబరు తీసుకుని కంపెనీ సర్వీసు కేంద్రంలో రికార్డు అడిగించండి. అమ్మే యజమాని అంగీకారంతో అడిగితే ఇస్తారు. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసు జరిగిందో వరుసగా ఉంటుంది. 2019లో 70 వేలు తిరిగిన కారు ఇప్పుడు 48 వేలు చూపిస్తే మాట్లాడవలసింది ఇక ఏమీ లేదు. రికార్డు ఒక ఏడాది దగ్గర తెగిపోతే, ఆ తర్వాత ఎక్కడ చేయించారో బిల్లులతో సహా చూపించమనండి. కారు కూడా తన సంగతి తాను చెబుతుంది. ఈ తరగతి కార్లను ఎక్కువగా డ్రైవర్లు నడుపుతారు, యజమాని వెనక ఎడమ సీట్లో కూర్చుంటారు. అందుకని స్టీరింగు తోలు, బ్రేకు పెడల్ రబ్బరుతో పాటు వెనక ఎడమ సీటు తోలు ముడతలు, అక్కడి కార్పెట్ అరుగుదల చూడండి. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. 48 వేల కిలోమీటర్లే తిరిగిన కారుకు ఇప్పటికే రెండు మూడు జతల టైర్లు మారి ఉంటే ఎందుకు మార్చారని అడగాలి.

ఢిల్లీ కారు అన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది నీళ్లు. 2023 జులైలో యమున పొంగి ఢిల్లీలో ఎంతో ప్రాంతం మునిగింది. ఢిల్లీ ఒక్కటే కాదు. 2015లో, 2023లో చెన్నై, 2020 అక్టోబర్‌లో మన హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ మునిగాయి. ఆ ప్రతిసారీ బీమా కంపెనీలు పూర్తి నష్టంగా తేల్చిన కార్లు వేలానికి పోయి, కడిగి, మెరుగుపెట్టి మరో రాష్ట్రంలో అమ్మకానికి వస్తాయి. మునిగిన లగ్జరీ కారంత ప్రమాదకరమైన బేరం లేదు. తడిసిన వైర్ల కొసలు నెలల తర్వాత పచ్చబడి, ఎయిర్‌బ్యాగు దీపమో గేర్‌బాక్సు దీపమో కారణం లేకుండా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఏ మెకానిక్కూ దాన్ని పూర్తిగా నయం చేయలేడు. సీటు బెల్టును చివరిదాకా, గట్టిగా ఆగిపోయేదాకా లాగండి. ఆ చివరి జానెడు బెల్టును కడిగేవాళ్లు సాధారణంగా పట్టించుకోరు, అక్కడ బురద చార ఉంటే దొరికిపోతుంది. ముందు సీటు పట్టాల కింద తుప్పు, స్పేరు టైరు గుంతలో సన్నని ఒండ్రు, కార్పెట్ ఎత్తితే వచ్చే ముక్కిన వాసన చూడండి. లోపలంతా అత్తరు గుప్పుమంటుంటే అద్దాలు మూసి ఎండలో అరగంట ఉంచి, తలుపు తీసిన వెంటనే ముక్కు పెట్టి చూడండి.

ఢిల్లీ నంబరు వల్ల ఇబ్బంది ఉంటుందా అన్నది మీ రెండో ప్రశ్న. ఉంటుంది. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ కార్లను నడపకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అమలులో తర్వాత మార్పులు వచ్చినా, పదేళ్లకు దగ్గరపడిన డీజిల్ కార్లను తక్కువకు వదిలించుకోవడం అక్కడ అప్పటి నుంచీ అలవాటైంది. మీకు చవకగా కనబడుతున్న ధరకు సగం కారణం అదే. ఆ కారును మన దగ్గరకు తేవాలంటే అక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం, అంటే 28వ నంబరు ఫారం కావాలి. అది మీ నల్లగొండ జిల్లా పేరు మీద ఉండాలి. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవడం మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. ఆర్సీ ఇప్పటికీ చెల్లుబాటులో ఉందా, రద్దయిందా అన్నది ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి మీరే చూసుకోండి. బ్యాంకు అప్పు ఉందో లేదో కూడా అందులో కనబడుతుంది.

అసలు దెబ్బ జీవితకాల పన్ను దగ్గర తగులుతుంది. వేరే రాష్ట్రం కారుకు తెలంగాణలో పన్ను వేసేటప్పుడు మీరు ఇచ్చిన 27 లక్షలను చూడరు. కారు కొత్తగా ఉన్నప్పటి ధరను చూసి, దాని వయసును బట్టి శాతం వేస్తారు. కోటి రూపాయల మీద ఆ శాతం ఎంత తక్కువైనా లక్షల్లోనే ఉంటుంది. ‘పన్ను సంగతి మేం చూసుకుంటాం’ అనే మాట నమ్మి ముందుకు పోకండి. కారు పాత ఇన్‌వాయిస్ నకలు పట్టుకుని నల్లగొండ రవాణా కార్యాలయానికి వెళ్లి, ఎంత కట్టాలో లెక్క వేయించుకోండి. ఆ మొత్తాన్ని 27 లక్షలకు కలిపి చూస్తే, అదే సొమ్ముకు తెలంగాణలో మొదటి నుంచీ రిజిస్టరై ఉన్న కారు దొరుకుతుందా అన్న ప్రశ్న మీకే వస్తుంది.

బీమా దగ్గర కూడా పాత లగ్జరీ కారుకు ఒక మెలిక ఉంది. డిప్రిసియేషన్ లేని పాలసీని, అంటే భాగాల పాతదనాన్ని బట్టి కోత వేయని పాలసీని, ఇంత వయసున్న కార్లకు కంపెనీలు మామూలుగా ఇవ్వవు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి, ఎయిర్‌బ్యాగులకు సగం ధరే వస్తుంది. పదేళ్లు దాటిన కారు లోహ భాగాలకు కూడా అంతే. అద్దాలకు మాత్రం కోత లేదు. ఇప్పుడు వడ్ల ట్రాక్టరు ఒకటి వెనక్కి వచ్చి ముందు బంపరు, హెడ్‌లైటు పగలగొట్టిందనుకోండి. రెండూ ప్లాస్టిక్కే. బీమా ఉన్నా సగం బిల్లు మీదే. ఆ సగమే ఒక మామూలు కారుకు ఏడాది ఖర్చంత ఉండవచ్చు. కొన్న 14 రోజుల్లోగా పాలసీని మీ పేరు మీదకు మార్చుకోవాలి, లేకపోతే మీ కారుకు జరిగిన నష్టానికి క్లెయిమ్ తిరస్కరించే వీలుంటుంది. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, కారుతో రాదు, అది ఆయనతోనే పోతుంది.

మీ మూడో ప్రశ్నకు వద్దాం. మిర్యాలగూడలో చేయి తిరిగిన మెకానిక్‌లు ఉన్నారు. డీజిల్ ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పగలిగేవాళ్లను ఆ వైపు లారీ గ్యారేజీల్లో చూశాను. కానీ ఈ కారులో ప్రతి భాగమూ కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. గాలితిత్తి మార్చినా, ఆ కంపెనీ కార్లకు సరిపడే స్కానర్ పెట్టి కారుకు తెలియజేయాలి. ఆ స్కానరూ, దాన్ని చదవగల మనిషీ హైదరాబాద్‌లోనే దొరుకుతారు. మీకు అది దాదాపు 150 కిలోమీటర్లు. అద్దంకి-నార్కట్‌పల్లి రహదారి మీద కారు ఆగిపోతే తాడు కట్టి లాక్కుపోవడం కుదరదు, చదునైన వేదిక ఉన్న వాహనం మీదే ఎక్కించాలి. అందుకే కొనకముందే హైదరాబాద్‌లో ఆ కంపెనీ కార్లే చేసే ఒక నమ్మకమైన వర్క్‌షాపును చూసుకుని పరిచయం చేసుకోండి.

మన జిల్లాకు సంబంధించిన మరో ముఖ్యమైన మాట. రేడియేటర్‌లో నీళ్లు తగ్గాయని ఎవరైనా బోరు నీళ్లు పోయబోతే చేయి పట్టుకుని ఆపండి. మన భూగర్భ జలాల సంగతి మీకు తెలియనిది కాదు. ఆ నీళ్లలోని లవణాలు వేడికి పేరుకుని సన్నని దారులను మూసేస్తాయి. కంపెనీ చెప్పిన కూలెంట్‌ను, లవణాలు తీసిన నీటిని సరైన పాళ్లలో కలిపిన సీసా ఒకటి ఎప్పుడూ డిక్కీలో ఉండాలి. మిల్లు దగ్గర కారు నిలిపితే ఎలుకల బెడద కూడా ఉంటుంది. వడ్ల వాసనకు చేరిన ఎలుకలు వెచ్చని ఇంజిన్ కిందకు దూరి వైర్లు కొరుకుతాయి. ఈ కార్లలో ఒక్క వైరు తెగినా వెతికి పట్టుకోవడానికి రోజులు పడుతుంది.

ఇంతవరకూ కారు గురించి మాట్లాడాను. మీ ఉత్తరంలో నాకు అసలు ముఖ్యమనిపించింది నాన్నగారి మోకాళ్లు. లగ్జరీ సెడాన్ వెనక సీటు ఎంత మెత్తగా ఉన్నా నేలకు దగ్గరగా ఉంటుంది. కూర్చున్నాక హాయిగా ఉంటుంది, కానీ లేచి బయటకు రావడానికి మోకాళ్ల మీద బరువు వేయాలి. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లకు అదే కష్టం. ఏ కారు చూసినా ఆయనను వెంట తీసుకెళ్లి, నాలుగైదుసార్లు ఎక్కించి దింపి చూడండి. దిగేటప్పుడు ఆయన తలుపును పట్టుకుని ఊపిరి బిగబట్టుకుంటున్నారంటే ఆ కారు ఆయనకు సరిపోదు. అలాంటప్పుడు ఇన్నోవా హైక్రాస్ వంటి ఎత్తైన కారే ఆయనకు నిజమైన లగ్జరీ. మీకు సెడాన్ మీద ఎంత మనసున్నా ఈ విషయంలో ఆయన శరీరం చెప్పే మాటే వినండి.

సెడాన్‌లో ఆయన ఇబ్బంది లేకుండా ఎక్కి దిగగలిగితే, మీ బడ్జెట్‌కు నేను రెండు దారులు చెబుతాను. మొదటిది మెర్సిడెస్ ఈ-క్లాస్ పొడవు మోడల్. 2017 ఫిబ్రవరిలో మన దేశంలోకి వచ్చింది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 3,079 మిల్లీమీటర్లు. మీరు చూసిన ఎస్-క్లాస్‌లో అది 3,165. తేడా 86 మిల్లీమీటర్లే. వెనక సీటు 37 డిగ్రీల దాకా వాలుతుంది, నడుం నొప్పి ఉన్నవారికి అది చాలా పనికొస్తుంది. అందులో ఈ220డి తీసుకుంటే మామూలు ఉక్కు స్ప్రింగులే ఉంటాయి, గాలితిత్తుల బాధ తప్పుతుంది. రెండోది టయోటా క్యామ్రీ హైబ్రిడ్. 2019 జనవరిలో వచ్చిన మోడల్‌లో వెనక సీటు బటన్‌తో వాలుతుంది. పెట్రోల్ హైబ్రిడ్ కాబట్టి ఊళ్లో తిరిగినా మసి ఫిల్టరు గొడవ లేదు. టయోటా సర్వీసు జర్మన్ కంపెనీల కంటే మన వైపు సులువుగా దొరుకుతుంది. 2021 ఆగస్టు నుంచి అమ్మిన క్యామ్రీలకు హైబ్రిడ్ బ్యాటరీ మీద ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. మీ స్థానంలో నేనుంటే క్యామ్రీ వైపే మొగ్గుతాను. మెర్సిడెస్ మూడు కొసల నక్షత్రం గుర్తే కావాలని ఇంట్లో అందరికీ ఉంటే ఈ220డి చూడండి, అందులో తప్పేమీ లేదు. పెళ్లి రోజు ఊరేగింపుకు ఎస్-క్లాసే ఉండాలనుకుంటే ఆ రెండు రోజులకు అద్దెకు తెచ్చుకోండి. ఆ ఒక్క సందర్భం కోసం దాన్ని పదేళ్లు పోషించనక్కర్లేదు.

మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడి కంపెనీలకు తమ పాత కార్లను తామే పరీక్షించి వారంటీతో అమ్మే విభాగాలున్నాయి. బయటి ధర కంటే కొంత ఎక్కువ ఉంటుంది. మొదటిసారి లగ్జరీ కారు కొనేవారికి ఆ ఎక్కువ ఇవ్వడం సబబే అంటాను. కానీ వారంటీ కాగితంలో ఏవి చేర్చలేదో చదవండి. ఎయిర్ సస్పెన్షన్, సన్‌రూఫ్, తెరలు ఆ చేర్చనివాటిలో ఉంటే ఆ వారంటీ మీకు సగమే. ఎక్కడ కొన్నా 32 లక్షలూ కారు మీద పెట్టవద్దు. పేరు మార్పు, పన్ను, బీమా కలిపి 26 లక్షలకు మించకుండా చూసుకుని, మిగతాది విడిగా బ్యాంకులో వేసి మొదటి రెండేళ్ల మరమ్మతులకు ఉంచండి. నేనైతే ఆ సొమ్ము లేకుండా ఏ జర్మన్ కారునూ ఇంటికి తేను.

నచ్చిన కారు దొరికి టోకెన్ ఇచ్చే సమయం వచ్చినప్పుడు నగదు ఇవ్వకండి, యజమాని ఖాతాకు బ్యాంకు ద్వారానే పంపండి. రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది. మధ్యవర్తి ఖాతాకు పంపమంటే ఎందుకని అడగండి. రసీదు మీద కారు నంబరు, చాసిస్ నంబరు, మీటరు రీడింగ్, చెప్పిన ధర రాయించండి. ఆ కింద ఈ మాటలు కూడా ఉండాలి: కంపెనీ సర్వీసు కేంద్రంలో పూర్తి స్కానింగ్, లిఫ్టు తనిఖీ జరిగాక కొనుగోలుదారుకు నచ్చకపోతే టోకెన్ మొత్తం ఏడు రోజుల్లో వెనక్కి ఇవ్వాలి, కారు వరదలో మునగలేదని, బీమా కంపెనీ పూర్తి నష్టంగా ప్రకటించలేదని, మీటరు మార్చలేదని అమ్మకందారు హామీ ఇస్తున్నారు, బ్యాంకు అప్పు ఉంటే అది తీరిందని చూపే 35వ నంబరు ఫారం, పేరు మార్పుకు 29, 30 నంబర్ల ఫారాలు సంతకాలతో ఇచ్చాకే మిగతా సొమ్ము, అప్పటిదాకా ఉన్న ట్రాఫిక్ చలానాలన్నీ అమ్మకందారువే. దాని కింద అమ్మేవారి సంతకం, తేదీ, ఫోను నంబరు తీసుకుని ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. పరీక్షకు వెళ్లే ముందు చాసిస్ నంబరు, సర్వీసు రికార్డు నకలు నాకు పంపితే చూసి చెబుతాను.